చాంగాన్ నగరంలో ఒక వీధి తేడా

పోయిన నెల ఒక శనివారం పొద్దున, స్టవ్ మీద పాలు పొంగకుండా చూసుకుంటూ నిలబడి ఉండగా, మా అమ్మాయి చైనా నుంచి నా ఫోన్‌కి ఒక మ్యాప్ పంపింది. ఆఫీసు పని మీద వెళ్ళి, పని ముగిశాక రెండు రోజులు సెలవు కలుపుకుని షియాన్ నగరం చూడటానికి పోయింది. మ్యాప్ మీద ఒక నీలం చుక్క, దాని చుట్టూ పలచని నీలం వలయం, కింద తను రాసిన రెండు ముక్కలు: "అమ్మా, నువ్వు చెప్పే తాత ఇల్లు ఇక్కడేనా? ఇక్కడ నూడుల్స్ షాప్ ఉంది." ఆ తాతకూ మాకూ బంధుత్వం లేదు, ఆయన చైనా మనిషి, మా అమ్మాయి ఆయన్ని ఊహ తెలిశాక చూసిందీ లేదు. అయినా నేను చేసిన మొదటి పని, పాత అలవాటు కొద్దీ, ఆ చుక్కకు ఉత్తరాన ఉన్న చిన్న పగోడా అనే పాత బౌద్ధ గోపురం నుంచి అక్కడికి ఎంత దూరమో వేళ్ళతో కొలవడం. ఆ కొలతలో ఒకసారి తప్పు చేసినదాన్ని కాబట్టి రెండుసార్లు కొలిచాను. ఈలోపు పాలు పొంగాయి.

ఇరవయ్యారేళ్ళ క్రితం మాట ఇది. మా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళకు ఇక్కడ అమెరికాలో ఉద్యోగం చేసే వీలు లేదు. మోరిస్‌విల్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. మావారు ఎనిమిదింటికి కారు తీసుకుని వెళ్ళిపోతే సాయంత్రం ఆరింటిదాకా నాకు తోడు గడియారమే. మెట్లు పద్దెనిమిది, మెయిల్ పెట్టెదాకా రెండువందల పది అడుగులు, బస్సు ఆగే చోటిదాకా ఆరువందల నలభై. ఇవన్నీ మొదటి వారంలోనే నాకు కంఠతా వచ్చేశాయి. చిన్నప్పటి నుంచీ నాకు అదే జబ్బు. చదివింది తెలుగు ప్రధానంగా బి.ఏ., లెక్కలు బళ్ళో నేర్చుకున్నది పదో తరగతి వరకే. కానీ వర్గమూలం తీయడం అన్నయ్య పారేసిన పుస్తకం చూసి నేర్చుకున్నాను, గోడకు తగిలించిన రైళ్ళ పట్టిక ముందు నిలబడి ఏ రెండు స్టేషన్ల మధ్య ఏ బండి ఎంత వేగంతో పోతుందో కట్టుకుంటూ ఎండాకాలం సెలవులు గడిపాను. ఎవరూ నేర్పలేదు గనక ఎవరూ దిద్దలేదు కూడా. ఆ సంగతి తర్వాత తెలిసొచ్చింది.

దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీలో, మ్యాపుల గదికి జీతం లేకుండా పనిచేసేవాళ్ళు కావాలని ఒక కాగితం అంటించి ఉంటే, రెండు బస్సులు మారి వెళ్ళి అడిగాను. అక్కడి పెద్దావిడ నా చదువు అడగలేదు. ఒక పాత మ్యాపు ముందు పెట్టి, స్కేలు రెండువేలకు ఒకటి, ఈ గోడ పొడవెంతో చెప్పమంది. నేను కాగితం మీద పెన్సిల్ పెట్టకుండా చెప్పాను. "సోమవారం నుంచి రా" అంది.

ఆ గదిలో నాకు అప్పగించిన పని, పదమూడువందల ఏళ్ళనాటి చైనా రాజధాని చాంగాన్ తాలూకు తవ్వకాల మ్యాపులు. ఎవరో పరిశోధకుడు చనిపోతూ లైబ్రరీకి ఇచ్చిపోయిన నకళ్ళు అవి. ఒక్కొక్కటీ దుప్పటంత ఉండేది. వాటి మీది గోడలనూ వీధులనూ ద్వారాలనూ ఒక్కో బిందువుగా కంప్యూటర్‌కి ఎక్కించాలి. మ్యాపు మీది చైనా రాతలు చదవడానికి ఒక పెద్దాయన ఉండేవారు. అదే యూనివర్సిటీలో నీటిపారుదల ఇంజనీరింగ్ చెప్పి రిటైరైనవారు, అప్పటికి ఎనభై రెండేళ్ళు, పుట్టి పెరిగింది ఆ చాంగాన్ మీద ఇప్పుడు నిలబడి ఉన్న షియాన్‌లోనే. ఆయన చదివేవారు, నేను కొలిచేదాన్ని. పూర్వపు చైనా కొలతల్లో ఒక కాలంలో ఆరు మూరల్లాంటివి ఒక బార, మూడువందల బారలు ఒక క్రోసు. తర్వాతి కాలంలో అయిదు మూరలకే బార, క్రోసుకు మాత్రం మూడువందల అరవై బారలు. ఎలా చూసినా పద్దెనిమిదివందలేనని నేను నోటితో అనేసరికి ఆయన తన జేబులోని బుల్లి పూసలచట్రం తీసి సరిచూసుకుని, అప్పటి నుంచి నన్ను మేడమ్ అబాకస్ అనడం మొదలుపెట్టారు.

ఆ నగరం గురించి కొంచెం చెప్పాలి. తూర్పు పడమరలు దాదాపు పది కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు ఎనిమిదిన్నర పైచిలుకు. అంత మేరా గళ్ళనోట్‌బుక్కు కాగితంలా నిలువు వీధులు, అడ్డం వీధులు, వాటి మధ్య నూరు పైబడిన పేటలు. నూట ఎనిమిదని ఒక పుస్తకం, కాదు ఎక్కువని ఇంకో పుస్తకం. నాకు నూట ఎనిమిదే బాగుండేది, కారణం చెప్పనక్కర్లేదు. ప్రతి పేటకూ చుట్టూ దిమ్మిస కొట్టిన మట్టి గోడ, గోడకు ద్వారాలు. సూర్యాస్తమయం వేళ నగారాలు మోగితే ఆ ద్వారాలు మూసేసేవారు, మళ్ళీ తెల్లవారి నగారా మోగేదాకా ఏ పేటవాళ్ళు ఆ పేటలోనే. ఆ రాజ్యం పోయాక నగరాన్ని విప్పి కలప పట్టుకుపోయారు, గోడలు పొలాల్లో కలిసిపోయాయి. మిగిలింది రెండు పగోడాలు, రాజభవనం ఎత్తు అరుగులు, నేలలో నాలుగైదు అడుగుల కింద చుట్టుపక్కల మట్టికన్నా గట్టిగా ఉండే బారెడు పట్టీలు. తవ్వేవాళ్ళు ఆ గట్టి మట్టి పట్టీని పట్టుకునే ఇక్కడ గోడ ఉండేదని చెప్పగలిగారట. లేని గోడలను ఆ గది కంప్యూటర్‌లో నిలబెట్టడం నాకు ఇంటి పనిలాగే అనిపించేది.

ఆ చలికాలం పెద్దాయన భార్య పోయారు. రెండు వారాలు రాలేదు. వచ్చిన రోజున కోటు విప్పకుండానే తన సంచిలోంచి ఒక మడత కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. అది షియాన్ పట్టణపు పాత సర్వే మ్యాపు నకలు, మా పనిలోది కాదు. దాని మీద ఒక సందుకు ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంది. ఆయనా భార్యా ఆ సందులో ఎదురెదురు ఇళ్ళలో పుట్టారట. ఇళ్ళు లేవు, సందు లేదు, దాని మీద వెడల్పాటి రోడ్డు పడిందని ఎవరో ఉత్తరం రాశారట. సమాధి రాయి మీద పుట్టిన ఊరు రాయించాలి. షియాన్ అని రాస్తే ఆవిడకు నచ్చదు, ఆ పేరు కొత్తది అనేదట. చాంగాన్‌లో ఏ పేటో రాయించాలి.

"ఏప్రిల్ మొదట్లో మా పెద్దల సమాధులు తుడిచే పండగ. ఆ రోజుకు రాయి నిలబెట్టాలి. ఇది నువ్వే కొలవాలి, మేడమ్ అబాకస్. నా కళ్ళు నేను నమ్మను" అన్నారు.

ఆయన పట్టణం మ్యాపులో ఆ సందు ఉంది గానీ పాత పేటలు లేవు. మా తవ్వకాల మ్యాపులో పేటలు ఉన్నాయి గానీ సందు లేదు. రెండింటిలోనూ ఉన్నది ఒక్కటే, చిన్న పగోడా. కాబట్టి అక్కడి నుంచి సందుదాకా ఎంత దూరమో ఒకదానిలో లెక్కపెట్టి, రెండోదానిలో అంతే దూరం కొలిచి గుర్తు పెడితే సరి. పట్టణం మ్యాపులో నూరు మీటర్లకొకటి చొప్పున చిన్న కూడిక గుర్తులు అచ్చువేసి ఉన్నాయి. పగోడా పక్కనే ఒక గుర్తు. దాని మీద పెన్సిల్ మొన ఆనించి, ఒకటి అని, దక్షిణానికి వస్తూ లెక్కపెట్టాను. సందు మొగ దగ్గర పదకొండు. పక్కనే కూర్చుని ఆయనా లెక్కపెట్టారు, ఆయనకూ పదకొండే వచ్చింది. పదకొండువందల మీటర్లు. తూర్పుకు ఎంతో కూడా అలాగే లెక్కపెట్టాం. మా మ్యాపు మీద ఆ చోటు ఒక అడ్డం వీధి దాటి, జింగాన్ అనే పేటలో ఉత్తరపు గోడకు ఆనుకుని పడింది. ఆ మాటకు ప్రశాంతత అని అర్థం చెప్పారాయన. "బాగుంది. ఆవిడ మాత్రం ఎప్పుడూ ప్రశాంతంగా ఉండలేదు" అని కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

రాయి అనుకున్న రోజుకు సిద్ధమైంది. నన్నూ మావారినీ పిలిచారు. బూడిదరంగు రాయి, దాని మీద నిలువుగా చైనా అక్షరాల్లో ఆవిడ పేరు, పక్కన చాంగాన్, జింగాన్ పేట. ఎడమ సగం ఆయన కోసం ఖాళీగా ఉంచారు. ఆయన గుడ్డ తడిపి రాయి తుడిచి, నారింజపళ్ళు పెట్టి, ఎవరికీ వినపడకుండా ఏదో చెప్పుకున్నారు. నేను ఆ అక్షరాల వంక చూసి, ఒక మనిషి రాతి మీద నా లెక్క ఉందని కొంచెం గర్వపడ్డాను కూడా. దాచడం దేనికి.

మర్నాడు ఉగాది. మా అపార్ట్‌మెంట్ బయట సిమెంటు నేల మీద చాక్‌పీసుతో ముగ్గు వేద్దామని కూర్చున్నాను. మా అమ్మ నేర్పిన ముగ్గు, పదకొండు చుక్కలు పదకొండు వరుసలు. మన ముగ్గుకు కొలత చుక్కలే. గీత చుక్కను చుట్టుకుని పోతుంది, రెండు చుక్కల మధ్య ఖాళీ ఎవరూ లెక్కపెట్టరు. అయితే ఆ సిమెంటు పలక చిన్నది, ముగ్గు పడుతుందా లేదా చూడాలి. జానకు ఒక చుక్క, పదకొండు చుక్కలు, పదకొండు జానలని పలక కొలిస్తే, ముగ్గు పెట్టాక ఒక జాన మిగిలిపోయింది. చేత్తో మళ్ళీ కొలిచాను. పదకొండు చుక్కలు, పది జానలు. పదకొండు గుర్తులు, పది ఖాళీలు. వెయ్యి మీటర్లే. ఆ సందు అడ్డం వీధికి అవతల లేదు, ఇవతల ఉంది. జింగాన్ పేటలో కాదు, దాని ఉత్తరపు పక్క పేటలో. తూర్పువైపు లెక్కలోనూ ఒక గడి తప్పానుగానీ, అటు గోడ దాటలేదు.

ఆ పూట పచ్చడి రుచి నాకు గుర్తులేదు. మావారికి చెప్పాను. ఆయన మొదట నవ్వారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపారు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే? పదమూడువందల ఏళ్ళ కిందటి పేట. పోస్ట్‌మ్యాన్ వస్తాడా అక్కడికి?"

"ఆయనకి తెలియదు. నాకు తెలుసు కదండీ."

"ఎనభై రెండేళ్ళాయన. వైఫ్ పోయిన షాక్‌లో ఉన్నాడు. ఇప్పుడెళ్ళి రాయి తప్పని చెప్తే ఆయనకేమన్నా అయితే? లీవ్ ఇట్. నీకిక్కడ ఉన్నదే ఆ ఒక్క పని, అది కూడా పోగొట్టుకుంటావా?"

ఆ మాటలో అబద్ధం లేదు. రెండు బస్సులు మారి వెళ్ళే ఆ గది తప్ప ఈ దేశంలో నన్ను పేరు పెట్టి పిలిచే చోటు ఇంకోటి లేదు. మూడు రోజులు గదికి వెళ్ళి వచ్చాను, చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఆయన ఎదురుగా ఏ అంకె కట్టినా రెండుసార్లు కట్టేదాన్ని, ఆయన గమనించి, "మేడమ్ అబాకస్ పూసలు తుప్పుపట్టాయా?" అని ఏడిపించారు. నాలుగో రోజు ఆయన రాలేదు, జలుబట. పట్టణం మ్యాపూ, మా మ్యాపులో ఆ భాగం నకలూ చుట్టి సంచిలో పెట్టుకుని, మావారి చేత కారులో దింపించుకుని, వాళ్ళింటి తలుపు తట్టాను.

కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేశాను. ఆయన పట్టణం మ్యాపు బల్ల మీద పరిచి, అటూ ఇటూ రెండు టీకప్పులు బరువు పెట్టి, అద్దాలు మార్చుకుని, పెన్సిల్ మొనతో గుర్తులు లెక్కపెట్టారు. పదకొండు. మళ్ళీ మొదటికి వచ్చి ఈసారి గుర్తు నుంచి గుర్తుకు మొన జరుపుతూ లెక్కపెట్టారు. పది. పెన్సిల్ కింద పెట్టి, లేచి వెళ్ళి, కిటికీ పక్కనున్న చెక్క పలక ఒకటి తెచ్చి మ్యాపు పక్కన పెట్టారు. చైనావాళ్ళు నల్ల రాళ్ళు, తెల్ల రాళ్ళు పెట్టి ఆడే ఆట పలక. ఆయనా భార్యా రోజూ భోజనాలయ్యాక ఆడేవారట.

"చూడు. ఇందులో రాయి గడిలో పెట్టం. గీతా గీతా కలిసే చోట పెడతాం. పలకకు పంతొమ్మిది గీతలంటాం, పద్దెనిమిది గళ్ళని ఎవరూ అనరు. డెబ్భై ఏళ్ళుగా ఆడుతున్నాను. ఇంజనీర్‌ని. నువ్వు తప్పు చేశావని నా దగ్గరికి వచ్చావు, నేను చేశానని నేను ఎవరి దగ్గరికి పోను?"

నేను ముగ్గు సంగతి చెప్పాను. చుక్కలంటే అర్థం కాకపోతే ఆ పలక మీదే తెల్ల రాళ్ళు పెట్టి, వాటి చుట్టూ గీత ఎలా తిరుగుతుందో వేలితో చూపించాను. ఆయన చాలాసేపు ఆ వేలి వెంటే చూశారు.

"అంటే మీ ఊళ్ళోనూ ఎవరూ ఖాళీని లెక్కపెట్టరన్నమాట" అన్నారు.

ఆ తర్వాత మా మ్యాపు మీది సరైన పేట పేరు చదివారు. యోంగ్లె. ఎన్నటికీ తరగని సంతోషమని అర్థమట. అది చదివాక ఆయన మొహం కొంచెం మారింది, నాకు ఆ క్షణం ఎందుకు వచ్చానా అనిపించింది. రాతి పనివాడితో మాట్లాడతానని, అక్షరాలు చెరిపి మళ్ళీ చెక్కవచ్చేమో కనుక్కుంటానని అన్నాను. కనుక్కున్నాను కూడా. రాయి ముఖమంతా యంత్రంతో అరగదీస్తే వీలవుతుంది, ఉన్నచోటే చేయవచ్చన్నాడు. ఆ మాట ఆయనకు చెప్తే తల అడ్డంగా ఊపారు.

"ఆవిడ పక్కన ఆ యంత్రం మోత వద్దు. అక్కడే ఉండనీ. మా సందు గోలగా ఉంటుందని ఎప్పుడూ సణిగేది, అవతలి పేటకు మారిందనుకుంటాను. నా వైపు మాత్రం సరిగ్గా చెక్కించు. యాభై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక వీధి దూరం ఫరవాలేదు." మళ్ళీ ఆయనే, "నగారా మోగితే మాత్రం పొద్దుటిదాకా దాటనివ్వరు" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేకపోయాను.

నా పని పోలేదు. సోమవారం గదికి వెళితే ఆయన నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. ఆ రోజు నుంచి మేం ప్రతి దూరాన్నీ సున్నా నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టాం, పైకి వినపడేలా, మొదటి గుర్తు దగ్గర ఇద్దరం కలిసి "సున్నా" అనేవాళ్ళం. మ్యాపుల గది పెద్దావిడ మా ఇద్దరికీ మతి పోయిందనుకుంది. తర్వాత రెండేళ్ళకు ఆయన పోయారు. అప్పటికి మా అమ్మాయి పుట్టి ఏడు నెలలు. ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు పనిచేసే అనుమతి వచ్చింది, ఆ గదిలో నేర్చుకున్న పనితోనే కౌంటీ ఆఫీసులో మ్యాపుల విభాగంలో చేరి, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు కంచె పాతడానికి ఎన్ని స్తంభాలు కావాలని అడుగుతాను. పది ఖాళీలకు పది అని చెప్పినవాళ్ళను చూస్తే నాకు కోపం రాదు.

పాలు తుడిచి, మా అమ్మాయికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రమవుతోంది, వెనకాల స్కూటర్ల హారన్లు వినపడుతున్నాయి. తను నిలబడి ఉన్నది యోంగ్లె పేటలో, తాత వైపున. దక్షిణానికి నడిచి, పాత వీధి ఉండాల్సిన మేర దాటి, రెండో పేటలోకి అడుగుపెట్టమన్నాను.

"అమ్మా, ఇక్కడ స్ట్రీట్ ఏమీ లేదు. బస్‌స్టాప్ ఉంది, తర్వాత ఫార్మసీ. అంతా ఒకటే సైడ్‌వాక్. నేను వీధి దాటానో లేదో నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాగా. నడు, అడుగులు లెక్కపెట్టు."

"ఫోన్‌లో చూపిస్తోంది కదా అమ్మా, కౌంట్ ఎందుకు?" అంటూనే లెక్కపెట్టింది పాపం. యాభై ఎనిమిది. మొదటి అడుగు కలిపావా అని అడిగితే, "ఓ గాడ్, అమ్మా!" అని పెట్టేసింది.

ఇప్పుడు చుక్క దానంతట అదే వచ్చి మ్యాపు మీద కూర్చుంటోంది. తప్పిపోయినా అది యంత్రం తప్పు. నేను తప్పు లెక్కపెట్టానని చెప్పడానికి ఎవరూ ఎవరింటి తలుపూ తట్టనక్కర్లేదు. అదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ మార్పు మంచికి కాదని అననుగానీ, ఇద్దరు మనుషులు ఒక కాగితం మీదికి వంగి, ఒకే పెన్సిల్ మొన వెంట ఒకే అంకె పలకడం ఈ మధ్య నేనెక్కడా చూడలేదు.

ఆ మర్నాడు ఆదివారం, నారింజపళ్ళు తీసుకుని సమాధుల దగ్గరికి వెళ్ళాను. కుడివైపు ఆవిడ, జింగాన్ పేట. ఎడమవైపు ఆయన, యోంగ్లె పేట. చదవగలిగినవాళ్ళెవరైనా అటు వస్తే వీళ్ళు పక్కపక్క పేటలవాళ్ళనుకుంటారు. ఇన్నేళ్ళుగా ఎందుకు తోచలేదో, ఆ రోజు సంచిలో ఆఫీసు స్కేలు ఉంటే, ఆవిడ అక్షరాల వరుసకూ ఆయన అక్షరాల వరుసకూ మధ్య ఖాళీ కొలిచాను. రెండు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. మా తవ్వకాల మ్యాపు స్కేలు రెండువేలకు ఒకటి. ఆ మ్యాపు మీద ఆ రెండు పేటల మధ్య వీధిని మేమిద్దరం గీసిన వెడల్పు రెండు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. రాతి పనివాడి చేతికి అలా వచ్చిందో, పెద్దాయన తాను పోయేలోపు వాడికి చెప్పి ఉంచారో నాకు తెలియదు. స్కేలు మీది సున్నా గీత అక్షరం అంచుకు సరిగ్గా ఉందని చూసుకుని, సున్నా అని పైకే అని, ఇంకోసారి కొలిచాను. అంతే వచ్చింది.